గీత ఉన్నవి, గీత లేనివి

ఆరిన్ టాకెట్ సంచీలో పదహారు మాత్రలున్నాయి. పదిహేడు రోజులుగా పదహారే ఉన్నాయి.

అది జిప్పుతో మూసే ప్లాస్టిక్ సంచీ, చొక్కా జేబులో పడుతుంది. దాని మీద చీటీ లేదు, పేరు లేదు. మాత్రలు వచ్చిన మొదటి సీసాను అతను మార్చిలో జార్జియాలో, నడక మొదలైన రెండో రోజున పారేశాడు, తర్వాతివీ అంతే. సీసా బరువు ఇరవై రెండు గ్రాములు. రెండువేల రెండొందల మైళ్ళు నడవబోయేవాడు ఇరవై రెండు గ్రాములు ఊరికే ఎందుకు మోయాలి? పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోశాడు. చొక్కా మెడ దగ్గర కంపెనీవాడు కుట్టిన గుడ్డముక్క కత్తిరించాడు. దేన్నైనా మూటలో పెట్టేముందు చిన్న తూకంయంత్రం మీద పెట్టి చూసేవాడు. జార్జియా నుంచి ఉత్తరంగా కొండల మీదుగా పోయే ఆ కాలిబాట మీద ఎవరికీ అసలు పేరు ఉండదు, తోటివాళ్ళు పెట్టిందే పేరు. అతనికి తక్కెడ అని పెట్టారు.

జూన్ అయిదో తేదీ ఉదయం అతను కొండ దిగి కెల్లర్స్ ఫోర్డ్ వైపు నడుస్తున్నాడు. వర్జీనియాలో ఆ ఊరు నడిచేవాళ్ళకు ముఖ్యం. పోస్టాఫీసుంది, బట్టలు ఉతుక్కునే చోటుంది, మందుల షాపుంది. అది దాటితే మళ్ళీ మందుల షాపు తొంభై మైళ్ళకు గాని లేదు. అతనికి ముక్కులోంచి రెండుసార్లు రక్తం వచ్చింది. నాలుగు రోజులుగా తల వెనక నొప్పి. అరవై నాలుగేళ్ళ మనిషి, రక్తపోటు మాత్ర రోజూ వేసుకోవాల్సినవాడు, జేబులో పదహారు పెట్టుకుని ఒక్కటీ వేసుకోవడం లేదు.

ఎదురుగా ఒకమ్మాయి వచ్చింది. ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తోంది. ఆగి, చేతికర్రల మీద బరువు వేసి నవ్వింది.

“నువ్వు తక్కెడవి కదూ? గడ్డం చూసి పోల్చుకున్నా. నా పేరు చెంచా.”

“చెంచానా?”

“మొదటివారం చెంచా మర్చిపోయొచ్చా. పుల్లతో తిన్నాలే. అది సరే, నీ జోడీ ఏడీ? ఆ ‘రేపు’ ఎక్కడ? నీ వెనకే వస్తున్నాడట, మొన్న కలిసినవాళ్ళు చెప్పారు.”

“వస్తున్నాడు.”

“అయితే సాయంత్రంలోగా ఎదురుపడతాడు. ఏమన్నా చెప్పమంటావా?”

ఆరిన్ చెట్టు మీద తెల్లరంగుతో వేసిన బాట గుర్తు వైపు చూశాడు. “తొందర లేదని చెప్పు,” అన్నాడు.

ఆమె వెళ్ళిపోయింది. ఆమె కర్రల చప్పుడు వంపు తిరిగేదాకా వినిపించింది.

‘రేపు’ అసలు పేరు వెండెల్ పర్సెల్. ఇండియానావాడు, పియానోలు శ్రుతి చేసేవాడు. దారిలో నడకవాళ్ళు రాత్రి పడుకునే ఫలానా కొట్టానికి ఎప్పుడు చేరతావని ఎవరడిగినా “రేపు” అనేవాడు. ఆ మాటే పేరైంది. జార్జియాలో మూడో రోజు కలిశాడు. అప్పట్నుంచి అయిదొందల ముప్ఫై మైళ్ళు ఇద్దరూ కలిసి నడిచారు. ఆరిన్ ముందు, వెండెల్ పది నిమిషాలు వెనక. వెండెల్ ఎడమ కర్రకు అడుగున రబ్బరు ఊడిపోయింది. రాళ్ళమీద ఆ ఒక్క కర్రే టిక్కుమనేది. ఆ చప్పుడు దూరమైతే ఆరిన్ ఆగేవాడు.

వెండెల్ మే పదిహేనున చనిపోయాడు.

*

వెండెల్‌కు మూర్ఛ ఉండేది. పదకొండేళ్ళుగా ఒక్కసారీ రాలేదు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకునేవాడు. నెలకు సరిపడా మాత్రలు అతని భార్య ఓపల్ ముందే పంపేది, దారిలో ఏ ఊళ్ళో ఆగుతారో ఆ ఊరి పోస్టాఫీసుకు. సిగ్నల్ ఉన్న చోటల్లా వెండెల్ ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టేవాడు.

“తక్కెడ గారున్నారా పక్కన?” అని అడిగేది ఓపల్.

“ఉన్నానమ్మా.”

“మా ఆయనకి రెండు పియానోల తేడా చెవికి తెలుస్తుంది గాని, పొద్దున మాత్ర వేసుకున్నాడో లేదో మధ్యాహ్నానికి గుర్తుండదు. మీరు కాస్త కనిపెట్టి ఉండండి. నోట్లో వేసుకునేటప్పుడు చూడండి. నాకోసం.”

“చూస్తాను.”

చూశాడు. పొద్దున కాఫీ తాగేటప్పుడు, రాత్రి పడుకునేముందు, వెండెల్ మాత్ర చూపించి, నాలుక మీద పెట్టి, మింగి, నోరు తెరిచేవాడు. “చూసుకో డాక్టర్ గారూ,” అనేవాడు.

మే అయిదున మిల్ బెండ్ అనే ఊళ్ళో ఆగారు. ఆరిన్ మందుల షాపులో తన ముప్ఫై మాత్రలు తీసుకున్నాడు. వెండెల్ పోస్టాఫీసులో ఓపల్ పార్సిల్ తీసుకున్నాడు. అందులో అరవై. ఆ రోజే ఆరిన్ వేసంగి దుప్పటి కొని, చలిదుప్పటి ఇంటికి పోస్టు చేశాడు. పెట్టెలో ఇంకా చోటుంటే దగ్గరచూపు కళ్ళజోడు కూడా అందులో పడేశాడు. కళ్ళజోడు ముప్ఫై నాలుగు గ్రాములు. బాట మీద చదవడానికేముంది?

సాయంత్రం బస ఇంటి వరండాలో బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు సీసాల మూతలు తీసి, మాత్రలు రెండు గిన్నెల్లో పోసి, సంచీల్లోకి మార్చబోయారు. వెండెల్ అప్పటిదాకా సీసాలోనే ఉంచుకునేవాడు. ఆ రోజు ఆరిన్ ఒప్పించాడు.

“ఎందుకురా మోస్తావు ఆ సీసా? ఓ ముప్ఫై గ్రాములుంటుంది.”

“అందులో పేరుందిరా. నేనెవరో మర్చిపోతే చదువుకోవచ్చు.”

“నేను చెప్తాలే నువ్వెవరో.”

బస ఇంటివాళ్ళ కుక్కను బల్లకాలికి కట్టేశారు. ఎవరో గేటు తీశారు, కుక్క లేచి పరిగెత్తింది. బల్ల ఒరిగింది. తొంభై మాత్రలూ మైనపుగుడ్డ మీద కలిసిపోయాయి. అన్నీ తెల్లనివే, అన్నీ గుండ్రనివే.

వెండెల్ పగలబడి నవ్వాడు. “లోపల ఆ ఇంటావిడకి కళ్ళజోడుంది. పిలుద్దాం.”

“అక్కర్లేదు. నా వాటికి నడిమధ్యన గీత ఉంటుంది, విరుచుకోవడానికి. నీ వాటికి లేదు. గోరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.”

“ఒరే, పోనీ అడుగుదాంరా, ఏం పోయింది?”

“నలభయ్యేళ్ళు భూమి కొలిచినవాణ్ణి. అంగుళం తేడా వస్తే కోర్టుకెక్కే జనం మధ్య బతికాను. మాత్రలు ఏరలేనా?”

ఏరాడు. కర్రలు పట్టుకుని అతని వేళ్ళు కాయలు కాచి ఉన్నాయి. పొద్దు కుంకుతోంది. చివరికి లెక్క పెడితే ఇటు ముప్ఫై, అటు అరవై సరిగ్గా వచ్చాయి. లెక్క సరిపోయింది కాబట్టి ఏరడం సరిపోయిందనుకున్నాడు. ఒకటి అటు పోయి, ఒకటి ఇటు వస్తే లెక్క అలాగే సరిపోతుందన్న సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

“ఇవి నీవి,” అని సంచీ వెండెల్ చేతికిచ్చాడు.

పదో రోజున స్లేట్ క్రీక్ దాటి, ఊట దగ్గర ఆరిన్ కూర్చున్నాడు. టిక్కు టిక్కుమని రావాల్సిన చప్పుడు రాలేదు. నలభై నిమిషాలు చూసి వెనక్కి వెళ్ళాడు. వెండెల్ వాగులో బోర్లా పడి ఉన్నాడు. నీళ్ళు జాన లోతు లేవు.

కౌంటీ అధికారి ఒకడు వచ్చి కాగితాలు రాసుకున్నాడు. వెండెల్ జేబులో వైద్యం తాలూకు కార్డు చూసి అడిగాడు.

“మాత్రలు సరిగ్గా వేసుకునేవాడా?”

“రెండు పూటలా. నేను చూశాను.”

అది నిజమే. మిగతాది అతను అడగలేదు. ఆరిన్ చెప్పలేదు. కాలు జారి పడి, తలకు రాయి తగిలి, నీళ్ళలో ఊపిరాడక పోయాడని రాశారు. ఆ రాత్రి ఓపల్‌తో మాట్లాడాడు. ఆమె ఒకటే అడిగింది.

“మాత్ర వేసుకున్నాడా ఆ పొద్దున?”

“వేసుకున్నాడు. నేను చూశాను.”

“అయితే కాలే జారింది,” అంది. మళ్ళీ అంది, “కాలే జారింది.”

వెండెల్ మూటను కౌంటీవాళ్ళు ఆమెకు పంపారు. ఆరిన్ మళ్ళీ బాట పట్టాడు. ఆగితే కెంటకీలో ఇంటికి పోవాలి, ఇంటికి పోతే ఏం జరిగిందో చెప్పాలి. తర్వాతి కొట్టం దగ్గర ఎవరో “రేపు ఏడీ?” అని అడిగారు. ఆలోచించేలోపే “వెనక వస్తున్నాడు” అనేశాడు. రెండోసారి అనడం తేలికైంది. కొట్టాల్లో ఉండే నోటుబుక్కుల్లో తన పేరు కింద అదే రాశాడు. జనం వెండెల్‌కు ఆ పుస్తకాల్లోనే జాబులు రాయడం మొదలుపెట్టారు. కాళ్ళు ఎలా ఉన్నాయి, త్వరగా రా, నీకోసం చాక్లెట్టు దాచాం.

మే ఇరవైన పొద్దున సంచీలోంచి మాత్ర తీశాడు. అలవాటుగా బొటనవేలి గోరు దాని మీద ఆడింది. నున్నగా ఉంది. తిప్పాడు. అటూ నున్నగానే ఉంది. కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. గోరు అరిగిందేమో అనుకున్నాడు. మాత్రను సంచీలో వేసి జిప్పు మూశాడు. ఆ రోజు నుంచి ఒక్కటీ వేసుకోలేదు.

దారిలో రెండు ఊళ్ళు తగిలాయి. రెండింటిలోనూ అంగళ్ళలో కళ్ళజోళ్ళు వేలాడే స్టాండు ఉంది. రెండుచోట్లా దాని పక్కనుంచి వెళ్ళి సేమ్యా పొట్లాలు, వేరుశనగ ముద్ద కొనుక్కుని బయటికొచ్చేశాడు.

వారం కింద ఒక కుర్రాడు వెనకనుంచి వచ్చి కలిశాడు. “నిన్నటి కొట్టంలో రేపు సంతకం చూశాను,” అన్నాడు. “నీ పేరు కిందే ఉంది. అయితే దగ్గర్లోనే ఉన్నట్టున్నాడే.” ఆ కొట్టం స్లేట్ క్రీక్‌కి ఇటు నూటపది మైళ్ళు. తను రాసిన వాక్యాన్నే ఆ కుర్రాడు సంతకం అనుకుని ఉంటాడని ఆరిన్‌కు తెలుసు. వెనక్కి నాలుగు మైళ్ళు వెళ్ళి చూస్తే తేలిపోతుంది. వెళ్ళలేదు. ఆ మర్నాటి నుంచి నడుస్తూ నడుస్తూ ఆగడం ఎక్కువైంది. ఆగితే వెనక టిక్కుమనే చప్పుడు ఉండదు. నడిస్తే ఉంటుంది.

*

పోస్టాఫీసులో గార్లండ్ అనే గుమాస్తా ఆరిన్ గుర్తింపుకార్డు చూసి లోపలికెళ్ళి, రెండు పెట్టెలు పట్టుకుని వచ్చాడు.

“ఇది తమరిది, బూట్లనుకుంటా. ఇంకోటి పర్సెల్ అనే ఆయనకి. పెట్టె మీద ‘టాకెట్‌తో కలిసి వస్తాడు’ అని రాసుంది. ఆడమనిషి చేతిరాత. ఎన్ని వివరాలు రాస్తారో ఈ ఆడవాళ్ళు! ఏడీ ఆయన, ఐస్‌క్రీము తింటున్నాడా?”

చిన్న పెట్టె. ఊపితే చప్పుడు రాకుండా లోపల దూది కుక్కి ఉంటుంది, ఓపల్ అలవాటు అది. మే పన్నెండో తేదీ ముద్ర ఉంది.

“వెనక వస్తున్నాడు,” అన్నాడు ఆరిన్.

“తొందరపడమనండి. ముప్ఫై రోజులే ఉంచుతాం. పదిహేనో తారీకు దాటితే పంపినావిడకే తిరిగి పోతుంది.”

“మీరే ఇస్తారా ఆమెకి?”

“నేనెందుకిస్తానయ్యా? ఆవిడ ఊళ్ళో పోస్టుమాను గుమ్మంలో పెట్టిపోతాడు.”

ఆరిన్ తన పెట్టె తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు. వెనక్కి తిరగలేదు.

మందుల షాపు మెయిన్ రోడ్డు మీద, రెండు వీధుల అవతల. చిన్న షాపు, ఒక కుటుంబానిది. నడిపే ఆమె మిసెస్ బ్లెవిన్స్, తల నెరిసింది, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఆరిన్‌ను చూడగానే ముక్కు ఎగబీల్చింది.

“నడకవాళ్ళా? దూరంగా నిలబడితే ఏమనుకోను. ఏం కావాలి?”

“రక్తపోటు మాత్రలు. నెలకి. పాత షాపు కెంటకీలో.”

“సీసా ఇవ్వండి.”

“లేదు. పారేశాను.”

“అబ్బ! రోజుకి ముగ్గురొస్తారు మీలాంటివాళ్ళు. మాత్రలు కావాలి గాని వాటి పేరు మొయ్యలేరు. ఈగ బరువుండదు చీటీ. కూర్చోండి అక్కడ, చెయ్యి ఆ యంత్రంలో పెట్టండి. మీ షాపుకి ఫోన్ చేస్తాను.”

యంత్రం చెయ్యి బిగించి వదిలింది. ఆమె ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని వచ్చి అంకె చూసింది. ఆమె మొహంలో సరదా పోయింది.

“నూట ఎనభై రెండు. ఎన్నాళ్ళయింది వేసుకుని?”

“పదిహేడు రోజులు.”

“అయిపోయాయా?”

“లేదు. ఉన్నాయి.”

“ఉంటే ఎందుకు మానేశారు? పడలేదా? దగ్గొచ్చిందా?”

“లేదు.”

“మరి?”

అతను జేబులోంచి సంచీ తీసి కౌంటరు మీద పెట్టాడు. “ఇవి నావో కావో చూడండి,” అన్నాడు. అనేశాక ఆ సంచీని మళ్ళీ అందుకోవాలని చెయ్యి కదిలింది. ఆమె అప్పటికే తీసుకుంది.

నీలం పళ్ళెంలో మాత్రలు పోసింది. కళ్ళజోడు పెట్టుకుంది. మాత్రలు జరిపే చిన్న పలకతో ఒక్కొక్కదాన్ని తిప్పింది. కొన్ని ఎడమకి నెట్టింది. ఒకటి కుడికి. మళ్ళీ కొన్ని ఎడమకి. కుడికి ఇంకొకటి. ఆరిన్ ఆమె చేతినే చూస్తున్నాడు. అవతల ఫోన్‌లో కెంటకీ షాపువాళ్ళ సంగీతం వస్తోంది.

“ఈ పన్నెండూ మీవి,” అందామె. “ఈ నాలుగూ కావు. ఇవి మూర్ఛకి వాడేవి. మీకెలా వచ్చాయి?”

అతను చెయ్యి చాపాడు. పక్కనున్న స్టాండు మీంచి ఒక కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ధర చీటీ చెంప మీద వేలాడింది. వంగి చూశాడు. పన్నెండింటి మీద గీత ఉంది, వెంట్రుక సన్నం. నాలుగింటి మీద గీత లేదు. రెండు అంకెలు, ఒక అక్షరం ఉన్నాయి. స్పష్టంగా ఉన్నాయి, ఆ రోజు వరండాలో కళ్ళజోడున్న ఏ మనిషైనా చదవగలిగినంత స్పష్టంగా.

“నా జోడీవి,” అన్నాడు. “ఇద్దరివీ కలిసిపోయాయి. నేను ఏరాను.”

“ఈ కళ్ళతోనా?”

“గోరుతో.”

ఆమె చెయ్యి ఫోన్ మీదికి పోయింది. కెంటకీ పిలుపు కట్ చేసేసింది. “ఎక్కడున్నాడాయన? నంబరు చెప్పండి. ఇటు నాలుగున్నాయంటే అటు మీవి నాలుగున్నాయి, ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఆయన మూర్ఛమాత్ర అనుకుని మీ రక్తపోటు మాత్ర వేసుకుంటాడు. చెప్పండి! ఈ రోజే ఆపించాలి. మీ వెనక వస్తున్నాడా? ఎంత దూరంలో? కొండ మీద సిగ్నల్ లేకపోతే ఫారెస్టు రేంజరుకి చెప్పి మనిషిని పంపిద్దాం.”

“అమ్మా.”

“వాగులు దాటాలి, ఎక్కాలి దిగాలి. ఆ మాత్ర రెండు పూటలు తప్పినా కొందరికి చాలు. నంబరు!”

“అమ్మా, చనిపోయాడు.”

ఆ మాట బాట మీద ఎవరితోనూ అనలేదు. అదే మొదటిసారి. అన్న తర్వాత షాపులో ఫ్రిజ్ చప్పుడు వినిపించింది.

మిసెస్ బ్లెవిన్స్ ఫోన్ కింద పెట్టింది. “ఎప్పుడు?”

“గత నెల పదిహేనున. వాగులో. కాలు జారిందని రాశారు.”

“ఈ సంగతి వాళ్ళకి తెలుసా?”

“తెలియదు.”

ఆమె పళ్ళెం వైపు చూసింది. అతనూ ఆ నాలుగింటినే చూశాడు.

“ఎన్ని తప్పితే మూర్ఛ వస్తుందమ్మా?”

“చెప్పలేను. ఒకటి తప్పితే వచ్చినవాళ్ళున్నారు. వారం మానేసినా రానివాళ్ళున్నారు. మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా ఒక్కోసారి వస్తుంది. లేదూ, నిజంగానే కాలు జారి ఉండొచ్చు. తడిరాళ్ళు.” ఆమె మెల్లిగా చెప్పింది. “నేను అబద్ధం చెప్పి మిమ్మల్ని పంపలేను. అటూ చెప్పలేను, ఇటూ చెప్పలేను.”

“అతని సంచీ భార్య దగ్గరుంది.”

“అయితే ఆమెకి తెలియాలి. అధికారులకి కూడా. మీరు చెప్తారా, నేను చెప్పనా?”

“నేనే చెప్తాను.”

ఆమె నాలుగు మాత్రలూ ఒక కవరులో వేసి అతికించింది. తర్వాత కెంటకీకి మళ్ళీ ఫోన్ చేసి, అతని మాత్రలు ముప్ఫై లెక్కపెట్టి, సీసాలో పోసి, చీటీ అంటించి ఇచ్చింది. గ్లాసుతో నీళ్ళు కూడా ఇచ్చింది. “ఒకటి నా ఎదురుగా వేసుకోండి,” అంది. అతను వేసుకున్నాడు. ఆమె చూసింది.

*

షాపు పక్కన బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశాడు. కొత్త కళ్ళజోడు ఇంకా మొహానే ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

“తక్కెడ గారూ!” అంది ఓపల్. “ఎక్కడిదాకా వచ్చారు? తిన్నారా?”

“కెల్లర్స్ ఫోర్డ్.”

“అయ్యో, అక్కడికి పార్సిల్ పంపాను. ఆ వారంలోనే పంపాను. వాళ్ళకి ఫోన్ చేయాలనుకుంటూనే చేయలేదు.”

“చూశాను. ఉందిక్కడ.” ఊపిరి తీసుకున్నాడు. “ఓపల్ గారూ, మీకొకటి చెప్పాలి. మిల్ బెండ్‌లో మా మాత్రలు కలిసిపోయాయి. బల్ల ఒరిగి. లోపల ఆవిడకి కళ్ళజోడుంది, పిలుద్దామన్నాడు వెండెల్. నేను వద్దన్నాను. నేనే ఏరాను. నాకు సరిగ్గా కనపడలేదు. ఇప్పుడు చూపించాను. నా సంచీలో అతనివి నాలుగున్నాయి.”

ఫోన్ చెవికి గట్టిగా ఆనించాడు.

“వింటున్నారా?”

“నాలుగంటే?”

“నా దగ్గర నాలుగున్నాయంటే అతని దగ్గర నావి కనీసం నాలుగు. ఇటు ముప్ఫై, అటు అరవై లెక్క సరిపోయింది అప్పుడు.”

“మీకెప్పుడు తెలిసింది?”

“ఇవాళ.”

“నేనడిగేది చూపించినప్పుడు కాదు.”

అతను రోడ్డు వైపు చూశాడు. ఒకామె కారులోంచి సామాను దింపుకుంటోంది.

“వాగు దగ్గర,” అన్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. “ఉండండి,” అంది ఓపల్. అడుగుల చప్పుడు దూరమైంది. తలుపు తీసిన చప్పుడు. చాలాసేపు పట్టింది. మూట విప్పడానికి పట్టేంతసేపు. తర్వాత బల్ల మీద ఏవో గలగలా పడ్డాయి.

“గీత ఉన్నవి మీవి. అంతేనా?”

“అంతే.”

ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పైకే. ఒక్కో అంకెకీ మధ్య ఒక మాత్రను తిప్పి చూసేంత ఎడం ఉంది. పన్నెండు దగ్గర ఆగింది. “ఇది ఒకటి,” అంది. మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై. ముప్ఫై. ముప్ఫై ఎనిమిది. నలభై ఒకటి దగ్గర ఆగింది.

“అయిపోయాయి. గీత ఉన్నది ఒక్కటే ఉంది.”

ఆరిన్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మిగతా మూడూ ఏవీ?”

“ఓపల్ గారూ...”

“నలభయ్యేళ్ళు కొలిచానని వెండెల్‌తో అన్నారట. ఆ రాత్రి ఫోన్‌లో నాకు చెప్పి నవ్వాడు, ఎందుకన్నారో చెప్పలేదు. చెప్పండి, మూడూ ఏవీ?”

“వేసుకున్నాడు.”

“ఏ ఏ రోజుల్లో?”

“తెలియదు.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననుకున్నాడు. ఆమె మాత్రల్ని మళ్ళీ సంచీలో వేస్తున్నట్టుంది, ఒక్కొక్కటే.

“కౌంటీవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తాను,” అన్నాడు. “అన్నీ చెప్తాను. ఆ నాలుగూ వాళ్ళకే ఇస్తాను.”

“చెయ్యండి. అది మీ పని.” జిప్పు మూసిన చప్పుడైంది. “ఇన్నాళ్ళూ కాలు జారిందనుకుని నిద్రపోయాను, ఆరిన్.”

“తెలుసు.”

“నాకొకటే చెప్పండి. ఆఖరి పొద్దున. కాఫీ దగ్గర. మీకు చూపించాడు కదా?”

“చూపించాడు.”

“దాని మీద గీత ఉందా?”

ఆ పొద్దున అతనికి గుర్తుంది. వెండెల్ వేళ్ళకు మసి అంటుకుంది. మాత్రను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఎప్పటిలా చెయ్యి చాపాడు, డాక్టర్ గారూ అన్నాడు, ఆరిన్ మొహానికి మూరెడు దూరంలో పట్టుకుని ఆగాడు. తెల్లగా ఉంది. గుండ్రంగా ఉంది. ఆరిన్ తలూపాడు. వెండెల్ మింగాడు.

“ఆరిన్, చూశారా మీరు?”

“చూశాను,” అన్నాడు. “ప్రతి పూటా చూశాను. నాకు కనపడలేదు.”